ఎడింబరోలో నొక చలికాలము

మన దేశమున నిల్లు గట్టువారు గాలికొఱకు దపింతురు. తూర్పున వాకిలి, పడమట దొడ్డిత్రోవ, నడుమ మండువా. ఒక వైపున జొచ్చిన గాలి వేఱొక వైపునకు బోవలయునని మన పెద్దల యభిమతము. వేసవి మిట్టమధ్యాహ్నమున కిటికీలకు వట్టివేళ్ల తడికలు గట్టి, నీరు చల్లి, వడగాలిని సైతము చలువగాలిగా మార్చుకొను నేర్పు మన యిండ్లలో నుండెను. ఇట్టి దేశమునుండి పోయిన స్త్రీలకు, గాలిని లోనికి రానీయకుండుటయే గృహిణికి నిత్యకృత్యమైన దేశ మొకటి కలదనిన మొదట వింతగా దోచును.

2022 వ సంవత్సరము నవంబరు మొదలు 2023 మార్చి వఱకు మేమును, మా అక్కగారును స్కాట్లండు రాజధానియైన ఎడింబరో నగరమున అక్కగారి కుమార్తె యింట నుంటిమి. ఆ నగరపు కోటను గూర్చియు, కొండలను గూర్చియు వ్రాసినవారు పెక్కుమంది కలరు. మేము వ్రాయబోవునది అచ్చటి కిటికీలను గూర్చి, తలుపుల సందులను గూర్చి. ఇది యల్పవిషయమని పాఠక సోదరీమణులు తలంపకుందురు గాక. ఆ సందులలో నచ్చటి కుటుంబముల ధనమును, ఆరోగ్యమును, ఒక్కొక్కచో బ్రాణమును గూడ నిమిడియున్నవి.

ఎడింబరో 56 వ ఉత్తర అక్షాంశమునకు సమీపమున నున్నది. మన హైదరాబాదు 17 వ అక్షాంశమున నున్నది. ఈ భేదమువలన డిసెంబరు మూడవ వారమున నచ్చట సూర్యుడు ఉదయము 8 గంటల 40 నిమిషముల వేళకు గాని పొడచూపడు. మధ్యాహ్నము 3 గంటల 40 నిమిషములకే క్రుంకును. మనము భోజనము ముగించి కొంచెము నడుము వాల్చి లేచునప్పటికి అచ్చట దీపములు వెలిగింపవలయును. అయినను ఆ యూర మంచు నిత్యము గురియునని తలంపరాదు. అచ్చట మంచుకన్న గాలి బాధ హెచ్చు. నగరము కొండలమీదను, వాని నడుమ లోయలలోను గట్టబడినది; ఉత్తరమున ఫోర్తు అను సముద్రశాఖ కలదు. పడమటినుండియు, సముద్రమునుండియు లేచిన గాలి తిన్నని పొడవైన వీధులవెంట బరుగెత్తి, చేతిలోని గొడుగును దిరుగవేసి, ఉన్నికోటు గుండీల నడుమ దూఱి యెముకలను దాకును. 1850లో ఆ నగరముననే పుట్టిన ప్రసిద్ధ గ్రంథకర్త రాబర్టు లూయీ స్టీవెన్సను 1878లో దన నగరమును వర్ణించుచు వ్రాసిన పుస్తకమున దాని యందమును బొగడెనే గాని గాలిని మాత్రము నిందింపక మానలేదు.

నగరమున రెండు భాగములు కలవు. కోటనుండి దిగివచ్చు కొండ వెన్నుమీద నున్నది ప్రాత పట్టణము. దాని కుత్తరమున, 1767లో జేమ్సు క్రెయిగు అను యువకుడు వ్రాసిన పటము ననుసరించి కట్టినది క్రొత్త పట్టణము. పేరునకు గ్రొత్తదియే గాని దానికిని రెండువందల యేండ్లు దాటినవి. ఈ రెండు భాగములను గలిపి 1995లో బ్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. భవనము లన్నియు రాతితో గట్టినవి. ఒక్కొక్క భవనమున నంతస్తున కొక కుటుంబముగా గాపురముండుటయు, అందఱకును ఉమ్మడి రాతిమెట్లుండుటయు సాధారణము. అక్కగారి కుమార్తెయు, అల్లుడును అద్దెకున్నది యట్టి భవనమున రెండవ యంతస్తు. గదులు ఎత్తైనవి, కిటికీలు మనిషి నిలువునకు మించినవి. మొదటి దినమున నా కిటికీలను జూచి ముచ్చటపడితిమి. మొదటి రాత్రియే వానినుండి దూరముగా మంచములు జరుపుకొంటిమి.

ఆ కిటికీలు మనవానివలె ఱెక్కలు విచ్చునవి గావు. ఒక చట్రములో రెండు అద్దపు పలకలు ఒకదాని వెనుక నొకటి నిలిచి, పైకిని క్రిందికిని జారుచుండును. ప్రక్కల నున్న కొయ్యపెట్టెలలో దాళ్లకు గట్టిన గుండ్లు వ్రేలాడుచు నా పలకల బరువును దూచుచుండును. కావున నెంత పెద్ద పలకనైనను ఒక బాలిక సులభముగా నెత్తగలదు. ఇది మెచ్చదగిన పనితనమే. కాని జారవలెనన్న సందుండవలయును. సందున్నచో గాలి చొరక తప్పదు. పైగా రెండువందల యేండ్ల కొయ్య యెండి కుదించుకొనిపోయినది. సందు దారమంత సన్నమైనదే. కాని యది కిటికీ చుట్టును, రెండు పలకలు కలియు నడిమి పట్టెవద్దను గలదు. ఆ సందునంతయు నొక్కచోట జేర్చి చూచినచో గోడలోనుండి యొక యిటుక నూడదీసినంత కంత యగునని మా అల్లుడు కొలిచి చూపెను. గోడలో నిటుక యూడిన నే గృహిణియు నూరకుండదు గదా! సన్నని సందైనందున నది యెవరికంటను బడక యేండ్ల తరబడి యట్లే యుండును.

ఈ కిటికీల నూడబెఱికి క్రొత్తవి పెట్టించుకొనరాదా యని మే మడిగితిమి. అట్టి ప్రాచీన భవనములకు జట్టపు రక్షణ కలదనియు, నగరపాలకుల యనుమతి లేనిదే కిటికీ మార్పరాదనియు, మార్చుటకు వ్యయమును మిక్కుటమనియు వారు చెప్పిరి. అద్దెకున్నవారికి ఆ యాలోచనయే లేదు. ఉన్న సందులను మూసికొనుటయొకటియే వారికి సాధ్యమైన పని.

ఇక వ్యయము సంగతి. పూర్వ మచ్చట బ్రతి గదిలోను నొక పొయ్యి యుండెను. అందు రాక్షసిబొగ్గు మండించి చలి కాచుకొనెడివారు. వేలకొలది పొగగొట్టముల పొగవలననే ఆ నగరమునకు 'ఆల్డ్ రీకీ', అనగా పొగచూరిన ముదుసలి యను ముద్దుపేరు వచ్చినది. 1956లో బ్రిటిషు పార్లమెంటువారు పొగ నరికట్టు శాసనమును జేసిన పిదప గ్రమముగా బొగ్గు పొయ్యిలు చల్లారెను. ఇప్పుడు పెక్కిండ్లలో గ్యాసుతో నీరు కాచి, ఆ వేడినీటిని గొట్టములద్వారా గదిగదిలోని యినుప పలకలకు బంపి వెచ్చదనము గల్పించుకొందురు. గ్యాసు వెల 2021లో నెగబ్రాకనారంభించి, 2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయినుపై దండెత్తిన పిమ్మట మఱింత విజృంభించెను. వెలలకు హద్దు నిర్ణయించు ఆఫ్‌జెమ్ అను కార్యాలయమువారు, సామాన్యపు వాడుకగల యింటికి గ్యాసు, విద్యుత్తు కలిపి యేడాదికి 2021 అక్టోబరులో 1,277 పౌనులనియు, 2022 ఏప్రిలులో 1,971 పౌనులనియు లెక్కగట్టిరి. ఆ యేటి అక్టోబరునకు 3,549 పౌనులని ప్రకటింపగా దేశమంతయు దల్లడిల్లెను. ప్రభుత్వము కలుగజేసికొని ఆ భారమును సుమారు 2,500 పౌనులకడ నిలిపెను. 2024లో గూడ నా వెల 2021 నాటి స్థితికి దిగిరాలేదు.

మేమున్న చలికాలమున గ్రంథాలయములలోను, ప్రార్థనాలయములలోను 'ఇచ్చట వెచ్చగా గూర్చుండవచ్చును' అని పలకలు గట్టిరి. వృద్ధులు పగలంతయు నచ్చట బత్రికలు చదువుచు గూర్చుండి, చీకటిపడిన పిమ్మట నిండ్లకు బోవుట మేము కన్నులార జూచితిమి. ధనవంతమైన దేశమున గూడ అన్నమా, వెచ్చదనమా యని యెంచుకొనవలసిన వారుండిరి. అట్టివా రొక్కొక్క పౌను వెచ్చించి కాచుకొన్న గాలి తలుపు సందునుండి వీధిలోనికి బోవుచుండుట చిల్లికుండలో నీరు పోయుటవంటిదియే.

ఆ గాలి యెట్లు పోవునో మా అల్లుడు తేటగా జెప్పెను. వేడెక్కిన గాలి తేలికయై పైకి లేచును. పైన నే చిన్న కంత దొరకినను, పొగగొట్టము దొరకినను దానివెంట బోవును. పోయిన గాలి చోటు ఖాళీగా నుండదు. క్రింది సందులనుండి యంతే చల్లగాలి లోనికి వచ్చును. కావున పైనుండి పోవుటయు, క్రిందినుండి వచ్చుటయు నొక్కటే పని. మన పాదములకు దగులు చలికి గారణము మన తలపైనున్న కంతలో నుండవచ్చును. మంట లేని పాత పొగగొట్టము గూడ రాత్రియంతయు గదిలోని వెచ్చని గాలిని బీల్చుచునే యుండును. దీనికి తోడు బయట గాలి వీచినప్పుడు ఎదురు గోడ సందులలో నది చొచ్చి, వెనుక గోడ సందులనుండి వెడలిపోవును.

సందుల నెట్లు కనుగొనుట? అచ్చటి నిపుణులు వాకిటిలో బెద్ద విసనకఱ్ఱ యంత్రమును బిగించి, లోని గాలిని బయటికి లాగి, ఎచ్చటెచ్చట గాలి చొచ్చుచున్నదో పరీక్షింతురు. మాకట్టి యంత్రముతో బని లేకపోయెను. మా అక్కగారు పూజకై తెచ్చుకొన్న అగరువత్తులున్నవి. గాలి బలముగా వీచు నొక సాయంకాలమున నొక వత్తి వెలిగించి, తెరలు తొలగించి, కిటికీ యంచులవెంట మెల్లగా ద్రిప్పితిమి. పొగ నిటారుగా లేచినచోట సందు లేదు. వంగినచోట, చెదరినచోట సందు గలదు. అట్టిచోట నెల్ల సుద్దతో గుఱుతు పెట్టితిమి. కిటికీలే గాక, వీథితలుపు నడుమ నుత్తరములు వేయు కంతయు, తాళపుచెవి రంధ్రమును, గోడకును నేలకును నడుమనున్న కొయ్యపట్టె యడుగును, నేల పలకల నెఱ్ఱెలును, నీటిగొట్టము గోడలో దూఱిన చోటును మాకు దోషులై పట్టుబడెను. తెరలకు నిప్పు దగులకుండ నొకరు చూచుచుండగా నొకరు వత్తి పట్టవలయుననుట మఱవరాదు.

పని నారంభించుటకు ముందు మేము రెండు పాత యిండ్లను జూడబోయితిమి. అవి యిప్పుడు స్కాట్లండు జాతీయ సంరక్షక సంఘమువారి యధీనముననున్న ప్రదర్శనశాలలు. ప్రాత పట్టణములోని గ్లాడ్‌స్టన్సు లాండు అనునది 1617లో దామసు గ్లాడ్‌స్టను అను వర్తకుడు కొన్న భవనము. అందలి కిటికీలకు మీది సగమే యద్దము. క్రింది సగము కొయ్యతలుపులు. అద్దము ప్రియమైన కాలమున నది పొదుపు. చలికి నదియే కవచము. రెండవది క్రొత్త పట్టణములోని షార్లెటు చతురమున 1796లో బూర్తియైన జార్జియను గృహము. అందలి పడకమంచమునకు నాలుగు స్తంభములు, చుట్టును దళసరి తెరలు కలవు. మన దోమతెర దోమలనుండి కాపాడునట్లు ఆ తెరలు చలిగాలినుండి కాపాడెడివి. గదిలో నొక చిన్న గది యన్నమాట. పొయ్యియెదుట నున్న కుర్చీలకు వీపున కిరుప్రక్కల ఱెక్కలుండుటయు, వెనుకనుండి వచ్చు గాలి మెడకు దగులకుండుటకే. అన్నిటికంటె మాకు నచ్చినవి కిటికీల లోపలి మడత తలుపులు. పగటివేళ నవి కిటికీ ప్రక్కగోడలలో నిమిడి యలంకారమువలె నుండును. చీకటిపడగానే లాగి గొళ్ళెము పెట్టుదురు.

ఇంటికి వచ్చి చూడగా మా గదులలోను ప్రక్కగోడల పలకలనుకొన్నవి యట్టి తలుపులే! పూర్వపు కాపురస్థులు వానిపై రంగు వేసి వేసి యదికించిరి. ఇంటి యజమానుని యనుమతితో మా అల్లుడు సన్నని కత్తితో రంగును గోసి వానిని విడిపించెను. స్కాట్లండు ప్రభుత్వ పురావస్తుశాఖ పక్షమున 2008లో జేసిన పరీక్షలలో, ఒంటిపలక యద్దముగుండ బోవు వేడిమి, అట్టి తలుపులు మూసినంతనే దాదాపు సగము తగ్గినదని తేలినది. తళసరి తెరలచే దగ్గినది నూటికి 14 పాళ్లు మాత్రమే. ఇంగ్లండులో 2009లో వెలువడిన వేఱొక పరిశోధన ప్రకారము, ఇట్టి జారు కిటికీ సందులను సరిగా మూసినచో జొచ్చు గాలి నూటికి 86 పాళ్ల వఱకు దగ్గునట. పెద్దల తలుపులను మూసియుంచుటకు బైకము లేదు. చేయి చాపుటయే వ్యయము.

తక్కిన పనులును జేతిపనులే. జారు కిటికీల యంచులకు కుచ్చువంటి సన్నని పట్టెలు దొరకును. అవి జారుటకు నడ్డుపడక సందును నింపును. మెత్తని స్పంజి పట్టెలు ఱెక్క తలుపులకు మంచివి గాని జారు కిటికీలకు బనికిరావు, రాపిడికి నలిగిపోవును. ఉత్తరముల కంతకు లోపల నొక కుచ్చు మూత బిగించితిమి. తాళపుచెవి రంధ్రమునకు జారుడు బిళ్ల వేసితిమి. నేల పలకల నెఱ్ఱెలలో సన్నని కొయ్య చీలికలు దూర్చితిమి. వాడుకలో లేని పొగగొట్టములోనికి గొఱ్ఱెయున్నితో జేసిన బిరడ నెక్కించి, 'తీసినగాని నిప్పు పెట్టరాదు' అని చీటి కట్టితిమి. ఆ బిరడ గూడ కొంచెము గాలి నాడనిచ్చునదే. పొగగొట్టము బొత్తిగా మూసినచో లోపల జెమ్మ పట్టి గోడ చెడును.

తలుపు క్రింది సందునకు మా అక్కగారు చేసిన యుపాయ మిది. పాత నేతచీర నుండి తలుపు వెడల్పునకు నాలుగంగుళములు మించిన పొడవున రెండు గొట్టపు సంచులు కుట్టి, వాని నడుమ తలుపు మందమంత వెడల్పుగా నొక గుడ్డపట్టె నుంచి కలిపికుట్టెను. సంచులలో జింపిన పాత యున్నిగుడ్డలు గట్టిగా గూరెను. పట్టెను దలుపు క్రింద దూర్చగా నొక సంచి లోపల, నొకటి వెలుపల నిలిచెను. తలుపు కదలినచో నవియు వెంట గదలును. మాటిమాటికి వంగి సర్దుకొన నక్కఱలేదు. దానిని జూచి మెట్లమీద బోవు పొరుగు స్త్రీలు మెచ్చుకొని తమకును గుట్టిపెట్టుమనిరి. మంగళగిరి చీరల యంచులు ఎడింబరో గడపలకు గావలి కాచుట మాకు మిక్కిలి సంతోషము గలిగించెను. రెండు గదులకు మేము కొన్న సామాను వెల నలువది పౌనులకు లోపే. ఒక వారములో కిటికీయొద్ద శాలువ లేక కూర్చుండి చదువుకొన గలిగితిమి. 20 డిగ్రీలకడ నుంచెడి వేడిమి మఱను 18 డిగ్రీలకు దించినను గదులు మునుపటికన్న హాయిగా నుండెను. వెచ్చదనమన గాలి వేడి మాత్రమే కాదు, గాలి నిలకడ గూడ నని యప్పుడు తెలిసెను.

ఇంతవఱకు మూయుటయే మేలని చెప్పితిమి. మూయరాని కంతలు గూడ కలవు. ఇది యీ వ్యాసమున ముఖ్యమైన మాట.

మా క్రింది యంతస్తులో నెనుబది యేండ్లు దాటిన యొక వృద్ధురాలు ఒంటిగా నుండెను. వ్యయమునకు వెఱచి తక్కిన గదులు మూసివైచి, పాత పొయ్యి స్థానమున గ్యాసు మంట యమర్చిన యొక గదిలోనే పగలును రాత్రియు గడపెడిది. జనవరిలో నామె మా యక్కగారిని బిలిచి, "అమ్మా, నాకును నట్టి సంచి యొకటి కుట్టిపెట్టుదురా? ఈ గదిలో గాలి నంతయు మూసితిని. అయినను సాయంకాలమునకు తలనొప్పి, వికారము. బయటికి బోయి నడచి వచ్చిన దగ్గును" అనెను. మేము సంచితో బాటు అగరువత్తిని గూడ దీసికొనిపోయితిమి. ఎచ్చటను పొగ వంగలేదు. అంత గట్టిగా మూసియుండెను. కాని గ్యాసు మంట కెగువ, పొగగొట్టపు నోటికడ వత్తి పట్టగా, లోపలికి బోవలసిన పొగ గదిలోనికే మరలి వచ్చెను. అక్కగారి కుమార్తె వెలవెలబోయి, "పిన్నీ, కిటికీ తెఱువుము! అమ్మా, ఆమెను మెట్లమీదికి దీసికొనిపొమ్ము!" అని మంట నార్పివేసెను.

సంగతి యేమనగా, ఆ గదిగోడకు నేల దగ్గఱ నొక యినుప జల్లెడ కిటికీ కలదు. అది గ్యాసు మంటకు గావలసిన గాలి నిచ్చుటకై పనివారు బుద్ధిపూర్వకముగా నుంచినది. అందుండి చలి వచ్చుచున్నదని యామె వార్తాపత్రికలు కూరి, పైన కంబళి వ్రేలాడదీసెను. గాలి చాలక మంట సరిగా మండదు. పొగ పైకి బోదు. కార్బను మోనాక్సైడు అను విషవాయువు గదిలో జేరును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారము, మత్తు, పిదప మరణము. ఇంటి దీపమే గదా యని ముద్దు పెట్టుకొన్న మూతి కాలక మానునా? గ్యాసు పనివారి పట్టికలో బేరున్న నిపుణుడు మఱునాడు వచ్చి, కాగితములను దీసివైచి, మసి పట్టిన పొగగొట్టమును శుభ్రము చేయించునంతవఱకు ఆ మంట వెలిగింపరాదని కట్టడి చేసెను. స్కాట్లండులో నట్టి మంటగల ప్రతి యింట విషవాయువును గనిపెట్టి మ్రోగు గంట యుండవలెనని 2022 ఫిబ్రవరినుండి శాసనము కలదు. ఆమె గదిలో నది లేకుండెను. ఆ వారములోనే పెట్టించిరి. మేము తిరిగి వచ్చునాటి కామె తలనొప్పి మాట యెత్తుట మానెను.

రెండవ యపాయము చెమ్మ. మన వంట యన నావిరితో గూడినది: అన్నము వార్చుట, పప్పు నుడికించుట, చారు కాచుట. బయట నారవేయ వీలులేక తడిబట్టలును గదులలోనే యారవలయును. సందులు మూసిన పిమ్మట ఆ యావిరి పోవు త్రోవ లేక యుదయమున నద్దములపై నీరై కాఱుచుండెను. అట్టి చెమ్మ గోడలకు బట్టి నల్లని బూజగును. ఆ బూజు ఊపిరితిత్తులకు శత్రువు. ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున 2020లో రెండేండ్ల శిశువు చనిపోగా, ఇంటి బూజే యందుకు గారణమని 2022 నవంబరులో విచారణాధికారి నిర్ణయించెను. మేము వెళ్లిన దినములలో ఆ వార్తయే పత్రికలన్నిటను నుండెను. కావున మేము గిన్నెలపై మూతలు పెట్టి వండుట, వంటయింటి విసనకఱ్ఱను ద్రిప్పుట, ఉదయ సాయంకాలములందు కిటికీలను బదినిమిషములు బార్లా తెఱచి మరల మూయుట నియమముగా బెట్టుకొంటిమి. జర్మనీ దేశపు గృహిణులకు నిట్లు చేయుట పాత యలవాటు. పదినిమిషములలో గదిలోని గాలి మాఱును గాని గోడలును, సామానును జల్లబడవు. కిటికీ మూసినంతనే గది మరల వెచ్చనగును. రేయింబవళ్లు సందునుండి కాఱు గాలికిని దీనికిని భేద మిదియే: ఇది మనము పిలిచిన చుట్టము, అది పిలువని దొంగ. నేలకు దగ్గఱగా నుండు క్రింది యంతస్తులవారు బయటి గోడలో నేల పలకల యడుగున గాలియాడుటకై పెట్టిన జల్లెడలను గూడ మూయరాదు. మూసిన, క్రిందనున్న దూలములు పుచ్చిపోవును.

ఈ కథ మనకేల యని కొందఱడుగవచ్చును. ఇప్పుడు మన విజయవాడలోను, హైదరాబాదులోను చల్లదనపు యంత్రములు వేలకొలది యిండ్లలో నున్నవి. అచ్చట వెచ్చదనము పోయినట్లే యిచ్చట జల్లదనము పోవును. చల్లని గాలి బరువైనది గనుక నేలకు దిగి తలుపు క్రింది సందునుండి జాఱును. పై సందులనుండి వేడిగాలి చొచ్చును. యంత్రము విశ్రాంతి లేక తిరుగును. విద్యుత్తు పన్ను పెరుగును. అగరువత్తి ప్రతి యింటను గలదు. పాత చీర ప్రతి పెట్టెలోను గలదు. ఒక మధ్యాహ్నము చాలును. కాని యెక్కువమంది పండుకొను గదిని నడుమనడుమ దెఱచి క్రొత్తగాలి రానీయవలయును.

అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. అరకు, లంబసింగి వంటి చలిప్రదేశములకు విహారము పోయినవారును, ఉత్తరదేశమున గాపురమున్నవారును మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రింపరాదు. గ్యాసుతో నీరు కాచు యంత్రము స్నానపుగది లోపల నున్నచో గాలి వచ్చు కిటికీని మూయరాదు. అసలా యంత్రమును స్నానపుగది వెలుపల గాలి యాడుచోట బెట్టించుటయే క్షేమము. ఆ వృద్ధురాలి గదిలో జేరిన విషమే వీనినుండియు బుట్టును.

మంట యున్నచోట గాలి వచ్చు త్రోవయు, పొగ పోవు త్రోవయు నుండవలయును. ఆవిరి యున్నచోట నది పోవు త్రోవ యుండవలయును. ఇవి రెండును నిలిపి, తక్కిన వ్యర్థపు సందులన్నిటిని మూసికొనుటయే పొదుపు. ఏ కంత యేల యున్నదో తెలిసికొన్న పిదపనే దానిపై జేయి వేయవలయును. మన పెద్దలు వట్టివేళ్ల తడికను మధ్యాహ్నము దించి సాయంకాల మెత్తుటలో నుంచినదియు నీ తెలివియే. గాలిని శత్రువని తఱుమక, చుట్టమని విడిచిపెట్టక, రావలసిన వేళ రావలసిన త్రోవను రప్పించుకొను గృహిణి యింట ధనమును నిలుచును, ఆరోగ్యమును నిలుచును.